వానొస్తే పడకేసే వైపర్లు

రేపు పొద్దున తిరుపతిలో నాయన కారుకు పరీక్ష. నేను పదో తరగతి పరీక్షకు పోయిన రోజు కూడా మా ఇంట్లో ఇంత కంగారు లేదు. ఆ రోజు నాకు ఏమీ రాదని ఇంటిల్లిపాదికీ ముందే తెలుసు కాబట్టి అందరూ నిశ్చింతగా ఉన్నారు. కారు సంగతి అలా కాదు. దానికి చాలా వచ్చు. హారన్ మోగుతుంది, ఒక్కోసారి మనం అడక్కుండానే మోగుతుంది. బ్రేకు వేస్తే ఆగుతుంది, వెయ్యకపోయినా ఆగుతుంది. దీపాలు వెలుగుతాయి. తలుపులు మూసుకుంటాయి, కాకపోతే ఊరి చివర ఉన్నవాళ్ళకు కూడా అవి మూసుకున్న సంగతి తెలుస్తుంది. ఒక్క వైపర్లే కదలవు. ముందు అద్దం తుడిచే ఆ రెండు చేతులూ ఆడకపోతే పరీక్షలో బండి తప్పినట్టే. తప్పితే కాగితాలు కొత్తవి రావు. కాగితాలు లేని ముసలి కారును రోడ్డెక్కనివ్వరు. ఆ తర్వాత దానికి మిగిలేది పాత ఇనుము కొనేవాడి తక్కెడే. నాయన పోయాక ఆయనవని చెప్పుకోవడానికి ఇంట్లో మిగిలిన వాటిలో కదిలే వస్తువు ఇదొక్కటే. రెండోది నేను, నా కదలిక మీద ఇంట్లో ఎవరికీ పెద్ద నమ్మకం లేదు.

అందుకే పుత్తూరులో మా ఇంటి ముందున్న రేకుల షెడ్డులో, మోకాళ్ళ కింద గోనెసంచి పరుచుకుని, పొద్దుటి నుంచి కారు ముందు సాష్టాంగపడి ఉన్నాను. ఊళ్ళో కుర్ర మెకానిక్కులు ఈ కారు పేరెత్తితే ఫోను పెట్టేస్తున్నారు. పులికాట్ వైపు నుంచి మబ్బు కదిలి వస్తోంది. సముద్రంలో వాయుగుండం ఉందని ఫోను గంటకోసారి గుర్తు చేస్తోంది, తానే దాన్ని కష్టపడి తయారు చేసినంత గర్వంగా. నా ఆలోచన ఏమిటంటే, ఈ సాయంత్రమే తిరుపతి చేరిపోయి, తెల్లవారగానే వరుసలో ముందు నిలబడాలి. పొద్దున ఇక్కడ బయలుదేరితే ఆ వరుస ఎంత పొడుగుంటుందో, మన వంతు దాటిపోతే మళ్ళీ తేదీ ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. అమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కనకాంబరాలు కడుతూ నా ఆలోచన మీద తన ఆలోచన చెబుతూనే ఉంది.

"వానలో ఎందుకురా పొయ్యేది? పొద్దన్నే పో."

"వైపర్లు బాగు చేసుకునే పోతాండా కదా మా."

"రాకెట్టోళ్ళే వాన సూసి ఆపుకుంటారంట శ్రీహరికోటలో. నీ కారేమన్నా రాకెట్టు కన్నా గొప్పదా?"

మా ఇంట్లో అమ్మ అడిగే ప్రశ్నలకు జవాబు ఉండే ఆచారం మొదటి నుంచీ లేదు.

వైపర్లు చెడితే ముందు ఏం చూడాలో నాకు ఎవరూ నేర్పలేదు, అయినా నా చేతులకు తెలుసు. ముందు ఫ్యూజు. తర్వాత డ్యాష్‌బోర్డు మీద లాగే మీట. ఆ తర్వాత వైరు ఎలుక కొరికిందా అని. చివరికి మోటారు. నాయన ప్రతి వానాకాలం ఇదే వరుసలో, పూజలో ఆచమనం నుంచి హారతి దాకా పోయినట్టు, ఒక్కటి కూడా వదలకుండా పోయేవాడు. మా ఇంట్లో వానాకాలం మొదలయిందని మాకు క్యాలెండరు చెప్పేది కాదు. నాయన కారు బానెట్టు కింద తల దూర్చి కాళ్ళు మాత్రమే బయటికి కనిపించిన రోజున మొదలయ్యేది.

నాయనకు కాలు నిలవదు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన పాదాల్లో ఒకటి గడప వైపే తిరిగి ఉండేది. పెళ్ళి ఫొటోలో అమ్మ స్పష్టంగా ఉంటుంది, పక్కన నాయన కొంచెం చెదిరి ఉంటాడు, ఫొటో తీసేవాడు మీట నొక్కే లోపల లేచాడని అమ్మ ఇప్పటికీ అంటుంది. ఆయన పని కూడా ఆ కాలికి తగ్గట్టే దొరికింది. నగరిలో మరమగ్గాల మీద నేసిన తువ్వాళ్ళూ లుంగీలూ చీరలూ కారు నిండా వేసుకుని తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అంగళ్ళకు చేర్చి రావడం. పొద్దున నగరి, మధ్యాహ్నం తిరుపతి, సాయంత్రం ఇంకెక్కడో. ఇంట్లో మేం ఆయన్ని చూసిన దానికన్నా ఆయన వెనకాల లేచిన దుమ్మును చూసిందే ఎక్కువ. గుడ్డ విషయంలో మాత్రం ఆయన వేళ్ళు వేళ్ళు కావు. అంగడివాళ్ళు పందెం వేసి కళ్ళకు గంత కట్టి చేతికి ఒక పోగు ఇస్తే, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య రెండుసార్లు రుద్ది, ఇది నగరిలో ఏ వీధి మగ్గందో, గంజి ఎక్కువైందో తక్కువైందో చెప్పేసేవాడు. నేసినవాడు ఆ పూట భార్యతో పోట్లాడాడా లేదా అన్నది కూడా చెప్పేవాడని అనేవాళ్ళు. ఇందులో నేను కలిపింది చివరి వాక్యం ఒక్కటే.

అమ్మది నగరి. మగ్గాల ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో ఆడపిల్లలకు నడక కన్నా ముందు తెగిన పోగు అతకడం వస్తుందట. రెండు కొసలు ఒకదాని మీద ఒకటి వేసి, వేలు తిప్పి, ఊదినట్టు ఒక ముడి. కంటికి ఆనదు. చేత్తో విప్పుదామంటే రాదు. లాగేకొద్దీ బిగుస్తుంది. మగ్గం అంత విసురుగా కొట్టినా ఊడకూడదు కాబట్టి ఆ ముడి అలా పుట్టింది. పెళ్ళయి పుత్తూరు వచ్చాక అమ్మకు అతకడానికి పోగులు లేక, ఆ విద్యంతా పూలకు మళ్ళింది. నాయన తెచ్చే మూటల్లోంచి మిగిలిన దారపు కొసలు ఏరి దాచుకుని, వాటితోనే కనకాంబరాలూ చామంతులూ కట్టేది. మా ఊళ్ళో అందరి పూలూ అరటి నారతో కట్టినవి, సాయంత్రానికి వాడి ఊడిపోయేవి. అమ్మ కట్టిన దండలో పువ్వు ఎండి రాలిపోయినా దారం మాత్రం అలాగే ఉండేది. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో ఊరికి పేరుంటే, మా ఇంట్లో పూలకు కూడా పుత్తూరు కట్టే పడేది.

ఆ కారు గురించి చెప్పకపోతే అది రేపు పరీక్షలో నా మీద కక్ష తీర్చుకుంటుంది. గుండ్రటి వీపు, ఉబ్బిన ముక్కు, లోపల ముందు సీటులో కూర్చుంటే పెళ్ళిపీట మీద కూర్చున్నంత దర్జా. వెనక సీటు ఎప్పుడూ మనుషులకు ఖాళీ ఉండేది కాదు, అక్కడ మూటలు కూర్చునేవి. మేం ఎప్పుడైనా తిరుచానూరు పోవాలంటే మూటల మీద, తల పైకప్పుకు తగిలేటంత ఎత్తులో కూర్చుని, ఊరేగింపు విగ్రహాల్లా పోయేవాళ్ళం. తలుపు తీయగానే గంజి వాసన, కొత్త గుడ్డ వాసన, మూటల్లో వేసే కలరా ఉండల వాసన, వీటన్నిటి మీదా పెట్రోలు, దాని మీద నాయన నశ్యం. ఇప్పుడు కూడా డ్యాష్‌బోర్డు కింద తల పెడితే ఆ కలరా ఉండల వాసన ముక్కుకు తగిలింది. ఇన్నేళ్ళయినా దాన్ని తినే పురుగు ఇంకా పుట్టలేదు కాబోలు.

ఆ కారులో నాయన వానకు భయపడడం నేను చూడలేదు. వాన వస్తే ఆయనకు ఇంకా హుషారు. దారిలో బండ్లు తగ్గుతాయి, మనదే రోడ్డు అనేవాడు. ఒక వానాకాలం నగరి నుంచి వస్తూ, పొంగి పారుతున్న వంకలో కారు దింపాడు. అవతల ఒడ్డున లారీలన్నీ ఆగి ఉన్నాయి. ఆ ఆగిన లారీలను చూసి ఆయనకు కాలు ఆగలేదు. నడుమకు వచ్చేసరికి నీళ్ళు తలుపు సందుల్లోంచి లోపలికి వచ్చి, పెడళ్ళు మునిగి, కారు కొంచెం పక్కకు జరిగిందట. ఆ జరగడాన్ని ఆయన మాకు చేత్తో చూపించేవాడు, పడవ తెడ్డు వేసినట్టు. ఎలాగో గట్టెక్కాడు. ఇంటికి వచ్చి, తడిసిన పంచెతో నట్టింట్లో నిలబడి ఆ కథ చెబుతుంటే మేం పిల్లలం పడీ పడీ నవ్వాం. చెప్పిన ప్రతిసారీ వంక వెడల్పు పెరిగేది, చివరికి అది పులికాట్ సరస్సంత అయింది. ఆ తర్వాత వారం మా ఇల్లంతా తడిసిన లుంగీల తోరణాలే. వంటింట్లో, మంచాల మీద, దేవుడి పటాల అడుగున కూడా లుంగీలు ఆరేశాం. అమ్మ ఒక్కటే నవ్వలేదు. ఒక్కో లుంగీ పిండుతూ, ఆ పిండిన నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చుంది.

ఆ యేడు ఆయుధ పూజకు అమ్మ కారుకు మామూలు కన్నా ఘనంగా అలంకారం చేసింది. చక్రాలకు పసుపు, ముక్కుకు కుంకుమ, అద్దం మీద గంధం బొట్లు, వైపర్ల మీద పూలదండ. మర్నాడు వాన. నాయన మూటలు ఎక్కించి, కారు తీసి, వీధి మలుపు దాకా పోయి, కోపంగా తిరిగి వచ్చాడు. వైపర్లు సగం దాకా లేచి, అక్కడే బిగుసుకుపోయాయి. మొక్కు తీర్చలేదని అలిగిన దేవతల్లా ఆ రెండూ అద్దం మీద అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఆ పూట నాయన ఇంట్లో ఉండిపోయాడు. అదే మొదలు. అప్పటి నుంచి మా కారు వైపర్లకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ఎండాకాలమంతా శుభ్రంగా ఆడతాయి. ఊరికే చూద్దామని మీట లాగితే ఉత్సాహంగా దుమ్ము తుడుస్తాయి. గట్టి వాన పట్టిందా, పడకేస్తాయి.

బాగు చేసేవాడు మస్తాన్ మామ. బస్టాండు పక్క సందులో ఆయనకు ఒక షెడ్డు ఉండేది. అమ్మను అక్కా అనేవాడు, ఆ లెక్కన నాయన బావ, నాకు మామ. మనిషి సన్నగా, గొంతు మాత్రం లారీ హారన్. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కారుతో మాట్లాడేటప్పుడు రెండూ. కారుకు ఏ జబ్బు వచ్చినా దాని మూలం ఎక్కడో ఆకాశంలో ఉంటుందని ఆయన నమ్మకం.

"ఇది కరెంటు జబ్బు బావా," అని బానెట్టు మీద చెయ్యి వేసి నాడి చూసినట్టు కాసేపు కళ్ళు మూసుకునేవాడు. "వాన గాలికి కరెంటు పల్సబడతాది. పాలల్లో నీళ్ళు కలిసినట్ల."

"మరి దీపాలు ఎలగతాండాయి కదప్పా. దాని కరెంటు పల్సబళ్ళేదా?"

"అది మందం కరెంటు. ఇది సన్న కరెంటు. తూర్పు గాలి తగిలితే మోటారు లోపల రాగి తీగెకు జలుబు సేస్తాది. బలవంతం సెయ్యగూడదు. ఎండ కాసినాక నేనొచ్చి సూస్తా, అదే తేరుకుంటాది."

ఆశ్చర్యం ఏమిటంటే, ఎండ కాశాక ఆయన వచ్చి, అమ్మ ఇచ్చిన టీ తాగి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వైపర్ల మీద చెయ్యి వేయగానే అవి తేరుకునేవి. మా వీధిలో మస్తాన్ మామ చేతికి ఏదో మహిమ ఉందని ప్రచారం జరిగి, నొప్పులున్న ముసలివాళ్ళు కూడా భుజాలు చూపించుకోవడానికి వచ్చారు. ఊరికి ఇంకో కట్టు వైద్యుడు దొరికాడేమో అనుకున్నారు.

వైపర్లు లేకుండా కారు నడపడానికి అప్పట్లో డ్రైవర్లకు ఒక ఉపాయం ఉండేది. ఉర్లగడ్డను, అంటే బంగాళాదుంపను, అడ్డంగా కోసి, ఆ కోసిన వైపుతో అద్దమంతా రుద్దితే వాన చుక్కలు నిలవకుండా పలచగా జారిపోతాయి, కొంతవరకు దారి కనిపిస్తుంది. నాయన వైపర్లతో పోరాడి ఓడిపోయాక వంటింట్లోకి వచ్చి ఉర్లగడ్డ అడిగేవాడు. అమ్మ బుట్ట బోర్లించి చూపించేది.

"నిన్ననే అయిపోయినాయి."

"మొన్న సంతలో తెచ్చినా కదా."

"కూర సేసినా. నువ్వు తినేటప్పుడు ఏం తింటాండావో సూసుకుంటే కదా తెలిసేది."

ఇది న్యాయమైన మాట. నాయన ఏం తింటున్నాడో చూసుకోకుండానే తినేవాడు. అందువల్ల ఆయన సరే అనుకుని వంకాయ అడిగేవాడు. వంకాయతో రుద్దితే అద్దం ఊదారంగుకు తిరిగి, ఉన్న చూపు కూడా పోయేది. ఒకసారి తమలపాకుతో, ఒకసారి సబ్బు ముక్కతో ప్రయత్నించాడు. సబ్బు రోజున కారు ముందుభాగమంతా నురగ పట్టి, వీధి కుక్కలు దాన్ని చూసి పారిపోయాయి.

చివరికి ఏం జరిగేదో నాకు కళ్ళ ముందు ఉంది. ఫ్యూజు అయింది, మీట అయింది, వైరు అయింది, మోటారు అయింది. నాయన లేచి నిలబడి నడుము విరుచుకునేవాడు. వైపర్ మొదలులో, కారు ఒంట్లోంచి అది బయటికి వచ్చే చోట, వేలు పెట్టి చుట్టూ ఒకసారి తిప్పేవాడు. ఆ వేలిని బొటనవేలితో రెండుసార్లు రుద్దేవాడు. నేను గ్రీజు చూస్తున్నాడనుకునేవాణ్ణి. తర్వాత ఆకాశం వైపు చూసి, వంటింటి కిటికీ వైపు చూసి, "మోటారు పోయినట్టుండాది. టీ పెట్టు," అనేవాడు. ఆ మాట పూర్తయ్యే లోపలే లోపల అల్లం దంచే చప్పుడు మొదలయ్యేది.

ఆ తర్వాత ఆ పూటంతా నాయన మావాడు. బోనులో పెట్టిన పులి ఎలా ఉంటుందో మాకు అప్పుడే అర్థమయింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు, అక్కడి నుంచి షెడ్డుకు, షెడ్డు నుంచి మళ్ళీ వరండాకు. కూర్చుంటే మోకాలు ఊగేది, లేస్తే తల రేకుకు తగిలేది. గడియారానికి తాళం ఇచ్చి, అది సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి దాన్ని విప్పి, నడవకుండా చేసేవాడు. కానీ ఆ కాలు నిలవని మనిషే చెనిక్కాయలు ఉడకబెట్టేవాడు. పెద్ద కుండలో ఉప్పు వేసి, మూత సందులోంచి ఆవిరి వస్తుంటే పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, అక్కడి నుంచే మాకు లెక్కలు చెప్పేవాడు. మూటల మీద మమ్మల్ని కూర్చోబెట్టి, కళ్ళకు తువ్వాలు కట్టి, చేతికి పోగు ఇచ్చి ఏ మగ్గందో చెప్పమనేవాడు. నేను చెప్పింది ఒక్కటీ సరిపోయేది కాదు. "వీనికి వేళ్ళు లేవు, నోరుండాది. ఆ నోటితోనే బతకనీలే," అనేవాడు అమ్మతో. ఆ మాట నిజమయిందని ఇప్పుడు నా పుస్తకాలు కొనని వాళ్ళందరూ ఒప్పుకుంటారు. బయట వాన రేకుల మీద మద్దెల వాయించేది. ఇంట్లో కలరా ఉండల వాసనా, ఉడికిన చెనిక్కాయల వాసనా, అల్లం టీ వాసనా కలిసిపోయి ఉండేవి. అమ్మ ఆ పూట పాట పాడేది కాదు గానీ, గిన్నెలు పెట్టే చప్పుడులో ఏదో మెత్తదనం ఉండేది.

ఇదంతా తలుచుకుంటూనే నేను ఈ మధ్యాహ్నం నాయన వరుసలో మూడు మెట్లూ దిగాను. ఫ్యూజు బాగుంది. మీట బాగుంది. వైరు ఎలుకలు ముట్టలేదు, ఈ కాలపు ఎలుకలకు కొత్త కార్ల వైర్లే రుచి అని విన్నాను. ఇక మోటారు. మీట లాగి చెవి పెట్టాను. గుర్రుమంది. లోపల ప్రాణం ఉంది. వైపర్లు రెండూ వేలెడు జరిగి, అక్కడే గింజుకుని ఆగిపోయాయి. అంటే కరెంటు వస్తోంది, మోటారు తిరగాలనుకుంటోంది, బయట ఏదో పట్టుకుని వదలడం లేదు. నాయన ఎన్నో ఏళ్ళు మోటారు పోయిందన్న ఆ మోటారు ఒక్క రోజు కూడా పోలేదన్నమాట. ఈ జ్ఞానం కలగగానే నాకు కాలు నిలవలేదు. షెడ్డులో చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి, వైపర్ మొదట్లో ఉన్న నట్టు మీద పోసి, స్పానరుతో తిప్పి, చెయ్యి జారి, వేలి చర్మం లేచి, రాయకూడని మాటలు అని, మళ్ళీ తిప్పి, చివరికి ఊడదీశాను. వైపర్ చేతిని పైకి లాగితే ఊడివచ్చింది. దాని అడుగున, ఇరుసు చుట్టూ, చింతపండు ముద్దలాంటి నల్లటి ఉండ.

రబ్బరు వాషరు అనుకున్నాను. అమ్మ జడపిన్ను అడిగి తెచ్చి గుచ్చాను. ఒక కొస వచ్చింది. లాగాను. ఇంకా వచ్చింది. గారడీవాడు నోట్లోంచి రిబ్బను తీసినట్టు తీస్తూనే ఉన్నాను. పైన గ్రీజు నలుపు, కింద తుప్పు ఎరుపు, ఇంకా కిందికి పోయేకొద్దీ అసలు రంగులు. లుంగీ అంచు ఆకుపచ్చ, తువ్వాలు నీలం, ఏదో చీర పసుపు. పొర కింద పొర. ఆ పొరల మధ్య, కాగితం కన్నా పలచగా, ఇంకా కొంచెం నారింజ రంగు మిగిలిన ఒక కనకాంబరం.

"ఏందిరా అది, అంతసేపు లాగతాండావు?" అంది అమ్మ కుర్చీలోంచి.

"నీ దారం మా."

"ఈడికి తే." తెస్తే, అరచేతిలో వేసుకుని, కళ్ళజోడు సర్దుకుని, పై పొరను గోటితో విడదీసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం వెతికాను. లేదు. "ఇది కొసాకరుది. మీ నాయన పొయ్యేదానికి ముందు వానలకు కట్టింది. కోసేదానికి మస్తాను లేకపాయె, అట్లనే ఉండిపోయినట్టుండాది."

"కావాలనే కట్టినావా?"

"మొదటి తూరి దేవుడికే కట్టినా. ఆయుధ పూజకు. మర్నాడు వానకు వైపరు ఆగిపాయె, ఆయప్ప ఇంట్లో ఉండిపాయె. ఆ సాయంత్రమే కదా వంకలో బస్సు ఇరుక్కుండేది. అప్పుడనుకున్నా, ఇంత పని దేవుడికి చెప్పుకోవాల్సిన పనిల్యా, దారం సాలు అని. మబ్బు పడితే పూలు కట్టేదాన్ని. మొదలు కాడ ఒక ముడి. మోటారు ఎంత తిప్పుకుంటే అంత బిగుసుకుంటాది."

"మస్తాన్ మామకు తెలుసా?"

"తెలీక? మొదటి తూరే కనుక్కునె. వంటింటి వాకిటికాడికొచ్చి, అక్కా, ఇదేంది, నీ ముడి మాదిరుండాదే అన్నాడు. అవునబ్బా, మీ బావ వంకలో కొట్టుకపోతే నువ్వొచ్చి ఎత్తుకొస్తావా అన్నా. ఎండ కాసినాక వచ్చి పైది కోసేసి పొయ్యేటోడు."

"మరి సన్న కరెంటు, మందం కరెంటు?"

"నేనే సెప్పిచ్చినా. పాపం, మొదట్లో వానికి అబద్ధం నోట్లో తిరిగేది కాదు. తర్వాత తర్వాత నేను సెప్పిందానికన్నా ఎక్కవ సెప్పేటోడు."

అడగడానికి భయంగానే ఉన్నా అడిగాను. "ఉర్లగడ్డలు?"

"బియ్యం డ్రమ్ములో." దారపు ఉండను ఒళ్ళో పెట్టుకుంటూ తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలింది. "ఆయనకు మాత్రం కొసాకర్దాకా తెలీదు. తెలిస్తే ఊరుకుంటాడా? ఇల్లు పీకి పందిరేసేటోడు."

నోరే తప్ప వేళ్ళు లేనివాణ్ణి, ఒక్కోసారి నోరు కూడా ఉండదు. నాయన వేలు వైపర్ మొదట్లో చుట్టూ తిరగడం, ఆ వేలిని బొటనవేలితో రుద్దడం నాకు కనిపిస్తోంది. కళ్ళకు గంత కట్టినా ఏ వీధి మగ్గమో చెప్పే వేళ్ళు అవి. తాను తెచ్చిన మూటలోని పోగు, తన ఇంట్లో పడ్డ ముడి, వాటికి తెలియకుండా పోతుందా. తర్వాత ఆకాశం వైపు, ఆ తర్వాత వంటింటి కిటికీ వైపు చూసేవాడు. ఆ మనిషి వంకకు ఆగలేదు, ఆగిన లారీలను చూసి ఆగలేదు. ఇది అమ్మకు చెప్పాలా అని ఒక్క క్షణం అనిపించింది. ఇన్నేళ్ళు ఆమె గెలిచిన ఆట అది. చెప్పలేదు.

మా అమ్మాయి కొన్న కొత్త కారుకు అద్దం మీద చుక్క పడితే వైపర్లు వాటంతట అవే లేస్తాయి. వాన తగ్గితే అవే మెల్లగా పడుకుంటాయి. ఎక్కడ నీళ్ళు నిలిచాయో, ఏ దారి మూసేశారో ఫోను ముందే చెబుతుంది. ఎవరూ బానెట్టు కింద తల పెట్టరు, ఎవరూ ఉర్లగడ్డ అడగరు. ఇంత తెలివి ఉన్న కారు కూడా మా అమ్మాయిని ఒక్క వానకు ఇంట్లో కూర్చోబెట్టలేకపోయింది. కిందటి నెల ఉరుముల్లో బయలుదేరి, దారిలోంచి ఫొటోలు పంపింది. నేను ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ, వచ్చిన ప్రతి ఫొటోలోనూ వైపర్లనే చూశాను. అవి చాలా బాగా పనిచేస్తున్నాయి.

ఇరుసుకు నూనె పట్టించి, నట్టు బిగించి, రెండో వైపరు కూడా విప్పి, దాని అడుగునున్న ఉండను కూడా తీసి మీట లాగాను. రెండూ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచాయి. ఎన్నేళ్ళ నిద్రో అది. కిర్రు కిర్రుమంటూ, ఒకదానితో ఒకటి కుదరక కాసేపు పోట్లాడుకుని, తర్వాత ఒకటే నడకలో పడ్డాయి. పరీక్ష గెలిచినట్టే. అప్పుడే రేకుల మీద మొదటి చుక్కలు పడ్డాయి. బ్యాగు సర్దుకోవడానికి, చొక్కా మార్చుకోవడానికి లోపలికి పరిగెత్తాను. ఇంకో అరగంటలో తిరుపతి దారిలో ఉండాలి, వరుసలో ముందుండాలి, మన వంతు దాటకూడదు. చొక్కా గుండీలు ఒకటికి ఒకటి తప్పు పెట్టుకుని బయటికి వచ్చేసరికి వాన జోరందుకుంది.

వరండాలో కుర్చీ ఖాళీగా ఉంది. కారు వైపర్ల మీద పూలదండ ఉంది. షెడ్డులోకి కొడుతున్న జల్లుకు కనకాంబరాలు తడిసి మెరుస్తున్నాయి. వంటింటి కిటికీలో అమ్మ ఏదో గిన్నె వైపు ఎంతో శ్రద్ధగా చూస్తోంది, నా వైపు మాత్రం కాదు.

నేను షెడ్డులోకి పోయి వైపర్ మొదట్లో వేలు పెట్టి చుట్టూ ఒకసారి తిప్పాను. సన్నటి ముడి తగిలింది. వేలిని బొటనవేలితో రుద్దాను. ఏ వీధి మగ్గమో నాకు తెలియలేదు. ఆకాశం వైపు చూశాను. రేపు వాన ఆగితే తెల్లవారుతూనే కత్తెర తెచ్చుకోవాలి. వాన ఆగకపోతే ఏం చెయ్యాలో నాయన ఎప్పుడూ చెప్పలేదు.

"మోటారు పోయినట్టుండాది మా," అన్నాను. "టీ..."

పెట్టు అనే లోపలే లోపల అల్లం దంచే చప్పుడు మొదలయింది.